బొమ్మల కొలువులో టాంకు

పద్మనాభము కొండక్రింది యుద్ధమును బొమ్మలతో అమర్చదలచిన పిల్లలు అందొక టాంకును కూడ నిలుపుదుమందురు. ముచ్చటయే గాని పొసగదు. విజయరామరాజు కుంఫిణీ సేనతో పోరి ఒరిగినది 1794 జూలై 10న. టాంకు తొలిసారి రణమున దిగినది 1916లో, ఫ్రాన్సున. అచట గుఱ్ఱములను, ఫిరంగులను ఉంచి, టాంకును 1971 యుద్ధదృశ్యమునకు దాచుట మేలు. ఆనాడు మన సైన్యమున టి-55 టాంకులుండెను.

ప్లాస్టిక్ నమూనా సాధారణముగా అసలులో 35వ వంతు. టి-55 ఫిరంగి గొట్టపు రంధ్రము 100 మిల్లీమీటర్లు. నమూనాలో 3కు లోపే. సైనికుడు 5 సెంటీమీటర్లకు మించడు. నేలయు ఈ లెక్కకు లొంగవలెను. సెంటీమీటరు గులకరాయి అచట 35 సెంటీమీటర్ల బండ యగును! కావున మట్టిని సన్నని గుడ్డలో జల్లింపవలెను.

భాగములన్నిటిని ఒక్కసారే అతికించినచో చక్రముల వెనుకకు కుంచె పోదు. మేము మొదట అట్లే చేసి చింతించితిమి. చక్రములకు, గొలుసుపట్టాలకు ముందుగా రంగు వేసి, ఆరిన పిదప బిగింపవలెను. బురద చివరిపని, క్రింది భాగముననే, కొద్దిగా అద్దవలెను. దాని రంగు దృశ్యములోని నేలరంగే కావలెను. ఎఱ్ఱనేలపై నల్లబురద టాంకు వేరొక ఊరినుండి ఎత్తి తెచ్చి పెట్టినట్లుండును.