రొడీషియాపై ఆంక్షలు ఏమి సాధించినవి?

ఊరంతయు కూడి ఒక ఇంటిని వెలివేసినచో ఆ ఇంటివారికి నిప్పు నీళ్లు పుట్టవని పెద్దలు చెప్పెడివారు. కాని పొరుగూరికి పోవు బాట తెరచియున్నచో? విదేశ ప్రభుత్వములపై విధించు ఆర్థిక ఆంక్షల విషయములో మొదట అడుగవలసిన ప్రశ్న ఇదియే. రొడీషియా చరిత్ర దీనికి చక్కని నిదర్శనము.

నేటి జింబాబ్వేయే నాటి రొడీషియా. అచట తెల్లవారు నూటికి అయిదుగురు మాత్రమే. అధికారము నల్లవారికి దక్కరాదను పట్టుదలతో ఇయాన్ స్మిత్ ప్రభుత్వము 1965 నవంబరు 11న, బ్రిటను అనుమతి లేకయే, స్వాతంత్ర్యము ప్రకటించుకొన్నది. బ్రిటను సైన్యమును పంపలేదు, వర్తకమును నిలిపినది. తిరుగుబాటు అణగుటకు నెలలు అక్కరలేదు, వారములే చాలునేమోయని ప్రధాని విల్సన్ 1966 జనవరిలో కామన్వెల్తు నాయకులకు ఆశ చూపినారు. ఆ డిసెంబరులో ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి, తన చరిత్రలో మొదటిసారిగా, సభ్యరాజ్యములు విధిగా పాటింపవలసిన ఆంక్షలు విధించినది. 1968లో అవి దాదాపు సమస్త వర్తకమునకును విస్తరించినవి. వారములు గడచినవి, ఏండ్లును గడచినవి. స్మిత్ ప్రభుత్వము కదలలేదు.

కారణము చమురు కథలో కనిపించును. రొడీషియాకు సముద్రతీరము లేదు. మొజాంబిక్‌లోని బైరా రేవునుండి గొట్టపుమార్గమున చమురు వచ్చెడిది. ఆ రేవు ముందు బ్రిటిషు యుద్ధనౌకలు 1966 మొదలు 1975 వరకు కావలి కాచినవి. చమురు మాత్రము అదే మొజాంబిక్‌లోని మరియొక రేవైన లొరెన్సో మార్క్విస్ ద్వారా, దక్షిణాఫ్రికా ద్వారా నిరాటంకముగా చేరుచుండెను. వీధి గుమ్మమున కావలి, పెరటి తలుపు బార్లా! దానిని అందించినవారిలో బ్రిటిషు చమురు కంపెనీల అనుబంధ సంస్థలును కలవని 1978లో బ్రిటను ప్రభుత్వమే వేయించిన విచారణలో తేలినది. అమెరికా 1971లో చట్టము చేసి మరీ రొడీషియా క్రోము ఖనిజమును కొన్నది. 1977 వరకు ఆ చట్టము నిలిచినది.

పొగాకు రైతులకు మాత్రము దెబ్బ గట్టిగనే తగిలినది. పలువురు మొక్కజొన్నకు, ప్రత్తికి మరలినారు. వారి పొగాకుకు అలవాటుపడిన బ్రిటిషు వర్తకులు ఇతర దేశములవైపు చూడగా, మన గుంటూరు వర్జీనియా ఆకుకును గిరాకి కలిగినది. తప్పు చేయనివారికి శిక్షయు పడినది: రొడీషియా రైలుమార్గముపై ఆధారపడిన పొరుగుదేశము జాంబియా తన రాగిని రేవు చేర్చుటకు కొత్త దారులు వెదకికొనవలసి వచ్చినది.

పరిస్థితిని మార్చినది 1974లో లిస్బన్‌లో జరిగిన విప్లవము. మొజాంబిక్ 1975లో స్వతంత్రమై, మరుసటి యేట సరిహద్దు మూసివేసినది. గెరిల్లా యుద్ధము ఉధృతమైనది. అండగానున్న దక్షిణాఫ్రికాయే ఒత్తిడి చేయగా, బహుసంఖ్యాకుల పాలనకు స్మిత్ 1976లో సూత్రప్రాయముగా తలయూపినాడు.

అటులైన ఆంక్షలు పూర్తిగా వ్యర్థమా? నాకట్లు తోచదు. 1979లో స్మిత్ అనుమతించిన ఏర్పాటు ప్రకారము ఏర్పడిన ముజొరేవా ప్రభుత్వము, ఇక ఆంక్షలు తొలగునని ఎదురుచూచినది. తొలగలేదు, ఏ రాజ్యమును గుర్తింపు ఇవ్వలేదు. గెరిల్లా నాయకులతో కూడి లండనులో సంప్రదింపులకు కూర్చుండక ఆ ప్రభుత్వమునకు తప్పలేదు. ఆ డిసెంబరులో ఒప్పందము కుదిరినది, ఆంక్షలు తొలగినవి. 1980 ఏప్రిల్ 18న జింబాబ్వే స్వతంత్రమైనది.