కారులో రంగు దీపాలు: ఘాట్‌లో ఎందుకు ఆర్పాలి?

శృంగవరపుకోట దాటి అరకు వైపు ఘాట్ ఎక్కే కొన్ని కార్లలో నీలిరంగు ఎల్‌ఈడీ పట్టీలు మెరుస్తుంటాయి. ఇవి ఎలా వెలుగుతాయి?

కారు బ్యాటరీ ఇచ్చేది సుమారు 12 వోల్టులు. ఒక్కో నీలం ఎల్‌ఈడీకి 3 వోల్టులు చాలు. అందుకే మూడింటిని వరసగా కలిపి, మిగిలిన వోల్టేజీ కోసం రెసిస్టర్ పెడతారు. ఆ వరస మధ్యలో తెగితే ఆ ముక్క వెలగదు. అందుకే పట్టీని కత్తెర గుర్తున్న చోటే కోయాలి. సిగరెట్ లైటర్ సాకెట్‌కు గుచ్చే రకమైతే కారు వైర్లు ముట్టుకోనక్కర్లేదు. అంటించే చోట తేమ ఉంటే జిగురు పట్టదు. పెడళ్ల దగ్గర తీగ వేలాడకూడదు, అది ప్రాణాంతకం.

బయట చీకటి, లోపల వెలుగు ఉంటే ముందు అద్దంలో కారు లోపలి భాగమే కనిపిస్తుంది. మలుపులో రోడ్డువారన నడిచే గిరిజనులు డ్రైవర్ కంట పడటం ఆలస్యమవుతుంది. రాత్రి ఘాట్ ఎక్కేముందు ఆ దీపాలు ఆర్పమని కారు నడిపేవారికి మీరే చెప్పండి.