తెనాలి దాకా రైలు: నిధులు ఎవరు అడగాలి, ఏమని అడగాలి?

ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టం, 2014లోని పదమూడో షెడ్యూలు మెట్రో రైలు గురించి మాట్లాడుతుంది. విశాఖపట్నంలోనూ, విజయవాడ–గుంటూరు–తెనాలి పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలోనూ మెట్రో రైలు సాధ్యమవుతుందో లేదో కేంద్రం ఏడాదిలోగా పరిశీలించి, త్వరగా నిర్ణయం తీసుకోవాలన్నది అందులోని మాట. చట్టం అమల్లోకి వచ్చింది 2014 జూన్ 2న. ఆ విధంగా తెనాలి పేరు పార్లమెంటు ఆమోదించిన చట్టంలోకి ఎక్కింది. కానీ ఆ తర్వాత తయారైన రెండు ప్రధాన మెట్రో ప్రణాళికల్లోనూ తెనాలిలో ఒక్క స్టేషను కూడా లేదు.

ఇక్కడ ఒక సంగతి స్పష్టంగా తెలుసుకోవాలి. చట్టం ‘పరిశీలించాలి’ అంది గానీ ‘కట్టివ్వాలి’ అనలేదు, డబ్బు ఎవరు పెట్టాలో చెప్పలేదు. తెనాలి పేరు అందులో రావడానికి కారణం కూడా పాలనాపరమైనదే. విజయవాడ, గుంటూరు, తెనాలి, మంగళగిరి పరిసరాలను కలిపి 1978లో ఒక పట్టణాభివృద్ధి సంస్థను ఏర్పాటు చేశారు. చట్టంలో వాడింది ఆ సంస్థ పేరే. 2014 డిసెంబరులో రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ, అంటే సీఆర్‌డీఏ, ఏర్పడినప్పుడు పాత సంస్థ అందులో కలిసిపోయింది. చట్టంలో మాత్రం పాత పేరే నిలిచింది.

2015లో ఢిల్లీ మెట్రో రైల్ కార్పొరేషన్ విజయవాడకు సమగ్ర ప్రాజెక్టు నివేదిక ఇచ్చింది. పండిట్ నెహ్రూ బస్ స్టేషన్ నుంచి ఒక కారిడారు పెనమలూరుకు, ఇంకొకటి నిడమానూరుకు. మొత్తం 26 కిలోమీటర్లు, అంచనా 6,769 కోట్ల రూపాయలు. కేంద్రం 2017లో కొత్త మెట్రో విధానం తెచ్చి, పాత ప్రతిపాదనలను దానికి తగ్గట్టు మార్చి పంపమంది. రాష్ట్రం ఖర్చు తగ్గే లైట్ మెట్రో వైపు మొగ్గి జర్మనీ ప్రభుత్వ బ్యాంకు కేఎఫ్‌డబ్ల్యూ రుణం కోసం ప్రయత్నించింది. 2019 ఎన్నికల తర్వాత పని నిలిచిపోయింది. 2024 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం మళ్లీ ఆమోదం తెలిపిన ప్రణాళికలో మొదటి దశ గన్నవరం నుంచి బస్ స్టేషనుకు, అక్కడి నుంచి పెనమలూరుకు 38.4 కిలోమీటర్లు, ఖర్చు 11,009 కోట్లు. రెండో దశ బస్ స్టేషను నుంచి అమరావతికి. మొత్తం ఖర్చు కేంద్రమే భరించాలని, పునర్విభజన చట్టాన్ని చూపి రాష్ట్రం కోరింది. మధ్యలో విజయవాడ, అమరావతి, గుంటూరు, తెనాలిని చుట్టివచ్చే వలయాకార హైస్పీడ్ రైలు ఆలోచన కూడా వచ్చింది. అదొక్కటే తెనాలిని కలుపుకొంది, అది పనుల దాకా రాలేదు.

మెట్రోకు కేంద్రం డబ్బు ఇచ్చే దారులు 2017 విధానం ప్రకారం మూడు. మొదటిది ప్రైవేటు భాగస్వామ్యం: కంపెనీ కట్టి నడుపుతుంది, లాభం గిట్టుబాటు కాని మేరకు కేంద్రం వయబిలిటీ గ్యాప్ ఫండింగ్ ఇస్తుంది. హైదరాబాద్ మెట్రోకు ఈ పద్దు కింద 1,458 కోట్లు మంజూరయ్యాయి. 2017 నవంబరులో మొదలైన ఆ మెట్రోను నడిపిన ఎల్ అండ్ టీ సంస్థ నష్టాల వల్ల తప్పుకోవడానికి సిద్ధపడగా, 2025 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వం దాన్ని తానే తీసుకోవడానికి సూత్రప్రాయంగా అంగీకరించింది. దేశంలో బాగా రద్దీ ఉన్న నగరాల్లో ఒకటైన హైదరాబాదులోనే ఈ దారి ఇంత కష్టమైతే, చిన్న ఊళ్లకు ఇది దారే కాదు. రెండోది ప్రాజెక్టు ఖర్చులో పది శాతం ఒకేసారి గ్రాంటుగా ఇవ్వడం. మూడోది కేంద్రం, రాష్ట్రం చెరిసగం వాటాతో కంపెనీ పెట్టడం. ఎక్కువ నగరాలు నడిచిన దారి ఇదే. ఇందులో వాడుకగా కేంద్రం ఇరవై శాతం, రాష్ట్రం ఇరవై శాతం పెడితే మిగిలిన అరవై శాతం విదేశీ బ్యాంకుల అప్పు. అంటే గ్రాంటు అని జనం అనుకునే దానిలో పెద్ద భాగం అప్పే. టికెట్ డబ్బుతో తీరనిది రాష్ట్ర ఖజానా తీర్చాలి.

డబ్బు కంటే ముందు లెక్క ఒకటుంది. పెట్టిన ఖర్చు మీద సమాజానికి ఏటా కనీసం 14 శాతం ప్రతిఫలం వస్తుందని నివేదికలో చూపించాలి. ఆదా అయ్యే ప్రయాణ సమయం, తగ్గే ప్రమాదాలు, మిగిలే ఇంధనం, ఇవన్నీ రూపాయల్లోకి మార్చి లెక్కేస్తారు. బస్సులు, ప్రత్యేక బస్సు దారులు, ట్రాము, లైట్ మెట్రో, ఇవేవీ చాలవనీ, మెట్రోయే కావాలనీ ప్రత్యామ్నాయాల విశ్లేషణలో రుజువు చేయాలి. నగర రవాణా మొత్తాన్ని సమన్వయపరిచే ఒకే ప్రాధికార సంస్థ ఉండాలి. ఈ లెక్కంతా రద్దీ వేళ ఒక దిశలో గంటకు ఎంతమంది ప్రయాణిస్తారనే దాని మీద నిలుస్తుంది.

తెనాలి దగ్గర ఈ లెక్క తేలడం కష్టం. 2011 జనాభా లెక్కల్లో తెనాలి మునిసిపాలిటీ జనం 1,64,937. పొరుగు పట్టణాలైన బాపట్లలో 70,777, రేపల్లెలో 50,866. మూడు పట్టణాలూ కలిపినా మూడు లక్షలు దాటవు. విజయవాడ మొదటి దశకు కిలోమీటరుకు సుమారు 287 కోట్లు పడుతున్నాయి. గుంటూరు నుంచి తెనాలికి 25 కిలోమీటర్లు. అదే ధరకు కట్టాలంటే ఏడు వేల కోట్లు దాటుతుంది. కేంద్రం 2019లో చిన్న నగరాల కోసం మెట్రోలైట్ అనే తేలికపాటి వ్యవస్థకు ప్రమాణాలు ప్రకటించింది. మూడు పెట్టెల బండి, నేల మీదే కంచె కట్టిన దారి, మామూలు మెట్రోలో నలభై శాతం ఖర్చు. అది కూడా గంటకు వేలల్లో జనం ఎక్కే నగర వీధుల కోసం ఉద్దేశించిందే. పొలాల మధ్య పాతిక కిలోమీటర్ల దూరానికి అది తగిన బండి కాదు.

ఊరు గ్రాంటు అడిగే పద్ధతి అమెరికాలో వేరు. తెలుగు కుటుంబాలు బాగా స్థిరపడ్డ నార్త్ కరోలినాలోని షార్లెట్ నగరం ఉదాహరణ. అక్కడి కౌంటీ ఓటర్లు 1998లో రవాణా కోసం అర సెంటు అమ్మకం పన్ను వేసుకోవడానికి ఒప్పుకున్నారు. ఆ డబ్బు ఆసరాతో 2007లో బ్లూ లైన్ లైట్ రైలు మొదలైంది. దాన్ని విశ్వవిద్యాలయం దాకా మరో పదిహేను కిలోమీటర్లు పొడిగించడానికి నగర రవాణా సంస్థ నేరుగా సమాఖ్య ప్రభుత్వానికి దరఖాస్తు పెట్టింది. సుమారు 116 కోట్ల డాలర్ల ఖర్చులో సగం, అంటే 58 కోట్ల డాలర్లు, 2012లో గ్రాంటుగా ఖాయమైంది. మిగిలిన సగం రాష్ట్రం, నగరం పంచుకున్నాయి. 2018 మార్చిలో బండ్లు నడిచాయి. అక్కడి గ్రాంటు సంస్థ ప్రతి దరఖాస్తుకూ మార్కులు వేస్తుంది; స్థానికంగా డబ్బు సిద్ధంగా ఉందా అన్నది అందులో కీలకమైన ప్రశ్న. మన దేశంలో తెనాలి మునిసిపాలిటీ ఇలా దరఖాస్తు పెట్టలేదు. మెట్రో అయితే రాష్ట్రం కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల శాఖను అడగాలి, రైలు అయితే రైల్వే శాఖను అడగాలి. ఈ రెండు తలుపులకూ తేడా తెలియకపోవడం వల్లే తెనాలి ప్రాంతం డిమాండు పదేళ్లుగా తప్పు తలుపు దగ్గర నిలబడి ఉంది.

ఎందుకంటే ఈ మూడు పట్టణాలకూ పట్టాలు ఇప్పటికే ఉన్నాయి. విజయవాడ–చెన్నై ప్రధాన లైను మీద తెనాలి, బాపట్ల రెండూ ఉన్నాయి. ఆ లైను 1899 నాటిది. మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే కాలంలో, 1916లో, గుంటూరు నుంచి తెనాలి మీదుగా రేపల్లెకు బ్రాడ్‌గేజి వచ్చింది. గుంటూరు–తెనాలి మధ్య డబ్లింగ్, విద్యుదీకరణ 2019లో పూర్తయ్యాయి. తెనాలి–రేపల్లె 34 కిలోమీటర్లు మాత్రం ఇప్పటికీ ఒంటి లైనే, కాకపోతే దానికీ కరెంటు తీగలు వచ్చాయి. వేమూరు, భట్టిప్రోలు మీదుగా కృష్ణా పశ్చిమ డెల్టా వరి పొలాల్లోంచి పోయే ఈ లైను హైదరాబాద్ నుంచి వచ్చే ‘డెల్టా ప్యాసింజర్’ వల్ల తరతరాలకు పరిచయం.

ఈ బ్రాంచి లైను మీద బండ్లు ఎందుకు తక్కువో దగ్గర నుంచి చూస్తే డబ్బు ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. ఒంటి లైనులో రెండు స్టేషన్ల మధ్య ఒకసారి ఒకే బండి ఉండాలి. ఎదురు బండి వస్తుంటే, లూప్ లైను ఉన్న స్టేషనులో ఒకటి ఆగి ఇంకొకదానికి దారి ఇవ్వాలి. ఇంజిను లాగే బండి రేపల్లె చేరాక తిరుగు ప్రయాణానికి ఇంజినును విడదీసి, పక్క లైను మీదుగా అవతలి చివరకు తెచ్చి, తగిలించి, బ్రేకులు పరీక్షించాలి. విడిగా ఇంజిను లేని విద్యుత్ లోకల్ బండి మెమూకు రెండు చివరలా డ్రైవరు క్యాబిన్ ఉంటుంది. డ్రైవరు ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి వెళ్తే చాలు, బండి తిరిగి బయలుదేరడానికి సిద్ధం. తెనాలి–రేపల్లె దూరాన్ని గంట లోపు చేరే మెమూలు రెండు, నడుమ తప్పుకోవడానికి ఒక లూప్ ఉంటే దాదాపు గంటకొక బండి నడపవచ్చు.

అసలు ముడి తెనాలి జంక్షనులో ఉంది. గుంటూరు లైను పడమటి నుంచి వస్తుంది, రేపల్లె లైను ఆగ్నేయంగా సముద్రం వైపు పోతుంది. ప్రధాన లైను నడుమ అడ్డంగా సాగుతుంది. గుంటూరు నుంచి రేపల్లె పోయే బండి యార్డులో ప్రధాన లైనును దాటాలి, అంటే వరుసగా వచ్చే ఎక్స్‌ప్రెస్‌లు, గూడ్సుల మధ్య ఖాళీ దొరికేదాకా ఆగాలి. ఉదయం కాలేజీ, ఆఫీసు వేళ ఇది ఎక్కువ ఇబ్బంది. రేపల్లె బ్రాంచి గుంటూరు డివిజనులో, తెనాలి జంక్షను విజయవాడ డివిజనులో ఉండటంతో టైంటేబుల్ మార్చాలన్నా ఇద్దరూ ఒప్పుకోవాలి. 288 కిలోమీటర్ల విజయవాడ–గూడూరు మూడో లైను 2015–16లో మంజూరైంది. అది పూర్తిగా వాడుకలోకి వస్తే ప్రధాన లైనులో కొంత చోటు ఖాళీ అవుతుంది. ఆ ఖాళీని మరిన్ని దూరప్రయాణపు బండ్లు మింగేయకముందే లోకల్ బండ్లకు వాటా అడిగి రాయించుకోవాలి.

బాపట్లకు వచ్చేసరికి ఇబ్బంది ఇంకో రకం. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడింది. రేపల్లె ఆ జిల్లాలోకి వచ్చింది, తెనాలి గుంటూరు జిల్లాలో ఉండిపోయింది. రేపల్లె మనిషి కలెక్టరేటుకు వెళ్లాలన్నా, వ్యవసాయ కళాశాలలో పని ఉన్నా బాపట్ల చేరాలి. రైల్లో వెళ్లాలంటే ముందు ఉత్తరంగా తెనాలికి 34 కిలోమీటర్లు వెళ్లి, బండి మారి, చుండూరు, నిడుబ్రోలు మీదుగా మళ్లీ దక్షిణానికి 40 కిలోమీటర్ల పైగా రావాలి. అందుకే ఈ రెండు ఊళ్ల మధ్య రైలెక్కేవారు లేరనే చెప్పాలి. అందరూ రోడ్డు దారినే పోతారు. కత్తిపూడి నుంచి ఒంగోలు దాకా కోస్తా వెంట సాగే 216 నంబరు జాతీయ రహదారి ఈ ఊళ్లను కలుపుతోంది. అటు మచిలీపట్నం–రేపల్లె లైను కోసం దివిసీమ వాసులు దశాబ్దాలుగా అడుగుతున్నారు. రేపల్లె నుంచి నిజాంపట్నం రేవు మీదుగా బాపట్లకు లైను వేస్తే, మచిలీపట్నం దిక్కు పూర్తయిన రోజున విజయవాడ మీద భారం పడకుండా కోస్తాకు రెండో దారి ఏర్పడుతుంది. సముద్రపు చేపలూ రొయ్యలూ, డెల్టా ధాన్యం ఆ లైనుకు సరుకు.

కొత్త రైలు మార్గం ధర ఎంతో చూడటానికి దూరం పోనక్కర్లేదు. ఎర్రుపాలెం నుంచి అమరావతి మీదుగా నంబూరుకు 57 కిలోమీటర్ల లైనును కేంద్ర మంత్రివర్గం 2024 అక్టోబరులో ఆమోదించింది. కృష్ణ మీద 3.2 కిలోమీటర్ల వంతెనతో కలిపి ఖర్చు 2,245 కోట్లు, కిలోమీటరుకు నలభై కోట్ల లోపు. మెట్రో కిలోమీటరు ధరలో ఇది ఏడో వంతు.

ఉన్న పట్టాల మీద లోకల్ బండ్లు నడపడానికి తెలుగువారికి తెలిసిన నమూనా హైదరాబాద్ ఎంఎంటీఎస్. 2003 ఆగస్టులో మొదలైన మొదటి దశకు రైల్వే, రాష్ట్రం చెరిసగం పెట్టుకున్నాయి. 2012–13లో మంజూరైన రెండో దశలో రాష్ట్రం వాటా మూడింట రెండు వంతులు. ఆ వాటా సకాలంలో అందక పనులు పదేళ్లు సాగాయి. బెంగళూరు సబర్బన్ రైలుది ఇంకో పద్ధతి: 148 కిలోమీటర్లు, 15,767 కోట్లు, కేంద్రం ఇరవై, రాష్ట్రం ఇరవై, అప్పు అరవై, రైల్వే, రాష్ట్రం ఉమ్మడి కంపెనీ. తెనాలి ప్రాంతానికి సరిపోయేది ఎంఎంటీఎస్ మొదటి దశ పద్ధతే. కొత్తగా కట్టాల్సింది తక్కువ: తెనాలి యార్డులో ప్రధాన లైనును పైనుంచి దాటే రైలు వంతెన, రేపల్లె బ్రాంచి మీద లూప్‌లు, పొడవైన ప్లాట్‌ఫారాలు, గేట్ల దగ్గర రోడ్డు వంతెనలు, మెమూ బండ్లు. రేపల్లె–బాపట్ల కొత్త లైను వేరే పద్దు; దాన్ని మచిలీపట్నం లైనుతో కలిపి అడగాలి.

అందువల్ల తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రజాప్రతినిధులు మెట్రో పొడిగింపు అనే మాట పక్కన పెట్టి, గుంటూరు–తెనాలి–రేపల్లె, విజయవాడ–తెనాలి–బాపట్ల లోకల్ రైళ్లకు సమగ్ర నివేదిక తయారు చేయించమని రాష్ట్ర ప్రభుత్వాన్ని అడగాలి. ఆ నివేదికతో పాటు తన సగం వాటాను బడ్జెట్‌లో చూపించి రాష్ట్రం రైల్వే శాఖకు వెళ్లాలి. వాటా చేతిలో లేకుండా పంపిన ఉత్తరానికి ఢిల్లీలో విలువ ఉండదు.