ఈమెయిల్ యూనిక్‌గా ఉండాలి, ఖాళీగానూ వదలొచ్చు: ఎలా?

ఈరోజు యూనిక్ కన్‌స్ట్రెయింట్ గురించి. చూడ్డానికి చిన్న విషయమే, కానీ యాప్ లైవ్‌లోకి వెళ్లాక ఏడిపిస్తుంది.

ఒక క్లినిక్ యాప్ అనుకోండి. పేషెంట్లు రిపోర్టులు చూడాలంటే ఈమెయిల్‌తో లాగిన్ అవ్వాలి. కాబట్టి ఒకే ఈమెయిల్ ఇద్దరికి ఉండకూడదు, ఆ కాలమ్‌కి యూనిక్ పెట్టాం. పొద్దున్నే ఒక పెద్దావిడ వచ్చారు. ఈమెయిల్ లేదు, ఖాళీగా వదిలేశారు, సేవ్ అయింది. ఆవిడ వెనకాలే ఒక పెద్దాయన. ఆయనకీ లేదు. సేవ్ నొక్కగానే డూప్లికేట్ ఎర్రర్! అవతల క్యూ పెరిగిపోతోంది. కౌంటర్‌లో అబ్బాయి ఏం చేస్తాడు? నోటికొచ్చిన ఈమెయిల్ ఒకటి కొట్టి పని కానిచ్చేస్తాడు. ఆ అడ్రస్ నిజంగా ఎవరిదో అయితే? పెద్దాయన బ్లడ్ రిపోర్ట్ వాళ్లకి వెళ్తుంది.

అసలు తేడా ఎక్కడొచ్చిందంటే, డేటాబేస్‌లో ఖాళీ రెండు రకాలు. నల్ అంటే విలువే లేదు. ఎంప్టీ స్ట్రింగ్ అంటే విలువ ఉంది, కాకపోతే అందులో ఒక్క అక్షరం కూడా లేదు. వెబ్ ఫామ్‌లో బాక్స్ ఖాళీగా వదిలితే మామూలుగా సర్వర్‌కి వచ్చేది ఎంప్టీ స్ట్రింగే. రెండు ఎంప్టీ స్ట్రింగ్‌లు సమానం, అందుకే యూనిక్ ఆపేసింది. రెండు నల్‌లు సమానమని మాత్రం ఎస్‌క్యూఎల్ ఒప్పుకోదు. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్, ఎస్‌క్యూలైట్ మూడింట్లోనూ యూనిక్ కాలమ్‌లో ఎన్ని నల్‌లైనా పెట్టుకోవచ్చు.

కాబట్టి చేయాల్సింది ఇది. కాలమ్ నల్‌ని ఒప్పుకునేలా ఉంచండి. సేవ్ చేసే ముందు స్పేస్‌లు ట్రిమ్ చేసి, ఏమీ మిగలకపోతే నల్ పంపండి. ఎంప్టీ స్ట్రింగ్ అసలు లోపలికి రాకుండా ఒక చెక్ కన్‌స్ట్రెయింట్ కూడా పెట్టండి.

ఎస్‌క్యూఎల్ సర్వర్ వాడేవాళ్లు జాగ్రత్త. అక్కడ మామూలు యూనిక్ ఒక్క నల్‌నే రానిస్తుంది. 2008 వెర్షన్ నుంచి ఫిల్టర్డ్ ఇండెక్స్ ఉంది. యూనిక్ ఇండెక్స్ చివర్లో 'వేర్ ఈమెయిల్ ఈజ్ నాట్ నల్' అని రాస్తే, ఖాళీ వరసల జోలికి పోదు. పోస్ట్‌గ్రెస్‌లో ఒక్క నల్ చాలు అనుకుంటే, 2022లో వచ్చిన 15వ వెర్షన్ నుంచి 'నల్స్ నాట్ డిస్టింక్ట్' ఉంది.

"ఇదంతా ఎందుకు, కోడ్‌లోనే ముందు సెలెక్ట్ కొట్టి చూసుకుంటే సరిపోదా?" అంటారేమో. సరిపోదు. రెండు కౌంటర్లలో ఒకే క్షణంలో ఒకే ఈమెయిల్ కొడితే, రెండు సెలెక్ట్‌లకీ "లేదు" అనే జవాబొస్తుంది, రెండూ సేవ్ అయిపోతాయి. యూజర్‌కి మంచి మెసేజ్ చూపించడానికి ఆ చెక్ ఉంచుకోండి. కాపలా మాత్రం డేటాబేస్‌కే వదిలేయండి.

మీ టేబుల్‌లో యూనిక్ పెట్టిన ప్రతి కాలమ్‌నీ ఒక్కసారి చూడండి: ఇది లేని మనిషి వస్తే ఏమవుతుంది? వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.