మెరుపు చదరంగము – మొదటి ఎత్తులు

ఖమ్మము నుండి భద్రాచలము వరకు గల అడవి అంచు గ్రామములలో పులిజూదమును, వామనగుంటలను ఎరుగని పెద్దలు అరుదు. చేతిలోని గింజలు ఏ గుంటలో ముగియునో ముందే లెక్కింపగల ఆడపిల్లకు చదరంగము పరాయి విద్య కాదు. ఆ లెక్కనే అరువది నాలుగు గళ్లమీద వేయవలెను.

ఈ ఆటలో మెరుపు పోటీ యను పద్ధతి యొకటి కలదు. ప్రపంచ పోటీలలో ఒక్కొక్కరికి 3 నిమిషముల వ్యవధి యిత్తురు; వేసిన ప్రతి ఎత్తునకు 2 సెకనులు కలియును. నలువది ఎత్తుల ఆటకు మొత్తము 260 సెకనులు, అనగా ఎత్తునకు ఆరున్నర సెకనులు మాత్రమే.

1987లో గుడివాడలో జన్మించిన శ్రీమతి కోనేరు హంపి 2002లో, పదునైదేండ్ల ప్రాయమున, గ్రాండ్‌మాస్టరు బిరుదము పొందిరి. 2022 డిసెంబరులో కజకిస్తానులోని అల్మాటీ నగరమున జరిగిన ప్రపంచ మహిళల మెరుపు పోటీలో మొదటి దినమున వెనుకబడిరి. రెండవ దినమున పుంజుకొని, తుది ఆటలో చైనా క్రీడాకారిణి టాన్ ఝోంగ్యిని ఓడించి, 17 ఆటలలో 12.5 పాయింట్లతో రజత పతకము గైకొనిరి. స్వర్ణము గెలిచిన బిబిసారా అస్సౌబయేవాకు వచ్చినవి 13 పాయింట్లు.

ఇట్టి పోటీలో ఆరంభపు ఎత్తులు ముందుగా తెలిసియుండుట చేతిలోని పైకము వంటిది. హంపి తెల్లపావులతో తరచు మంత్రి ముందరి బంటును రెండు గళ్లు నడుపుదురు. నల్లపక్షమును అట్లే చేసినచో, తెల్లపక్షము మంత్రివైపు శకటు ముందరి బంటును గూడ రెండు గళ్లు జరుపుట ప్రసిద్ధ పద్ధతి. నల్లపక్షము ఆ బంటును చంపవచ్చును. అది ఉచితముగా వచ్చినట్లే తోచును. కాని తెల్లరాజు ముందరి బంటు ఒక గడి జరిగినంతనే తెల్లశకటు దారి తెరచుకొని, బదులు తీర్చుకొనజూచును.

దొరికిన బంటును కాపాడగోరి నల్లపక్షము మంత్రివైపు గుఱ్ఱము ముందరి బంటును రెండు గళ్లు నడిపిన, తెల్లపక్షము ఆ వైపు అంచు బంటును రెండు గళ్లు జరిపి దానిని తాకును. నల్లపక్షము శకటు ముందరి బంటుతో ఆసరా యిచ్చిన, బంట్లు మారిన పిమ్మట తెల్లమంత్రి ఏటవాలుగా రెండు గళ్లు కుడివైపునకు వచ్చును. అచటినుండి మూలనున్న నల్ల ఏనుగు వరకు దారి తెరపియే. నల్లపక్షము ఒక పెద్ద పావును కోల్పోక తప్పదు. ఆరున్నర సెకనులలో ఈ చిక్కు కనిపెట్టుట కష్టము; ఇంటివద్ద తీరికగా వేసి చూచినవారికి సులభము.

కావున మొదట గడియారము లేకుండ ఆడవలెను. ఓడిన ఆటను మరల వేసి, తప్పిన ఎత్తును గుర్తింపవలెను. గడియారము పిమ్మటి మాట. గళ్ల గుడ్డయు, ముప్పదిరెండు పావులును ఉన్న చాలును.

2017లో తల్లియైన హంపి 2019లో మాస్కోలోను, 2024లో న్యూయార్కులోను ప్రపంచ మహిళల రాపిడ్ పోటీలలో విజేతగా నిలిచిరి. పెండ్లితో ఆడుదాని ఆట ముగియునను మాటకు ఇదియే సమాధానము. గ్రామ గ్రంథాలయమునందును, ఆశ్రమ పాఠశాలయందును సాయంత్రము ఒక గంట ఒక్క బల్లను ఆడపిల్లలకు విడిచియుంచుడు. తరువాతి ఎత్తు వారే వేయుదురు.