తాండాలపై మోపిన నింద

"సారా లేనిదే సుగాలివాడు బ్రదుకలేడు" అను మాట పల్నాటి రచ్చబండలపై వినవచ్చుచుండును. మాచర్ల, గురజాల ప్రాంతపు తాండాలలో సారావలన కాపురములు కూలుట లేదని మేము చెప్పము. కాని ఒక వ్యసనమును ఒక జాతి రక్తమునకు అంటగట్టుట న్యాయమా?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేను చూడుడు. దేశమున పదునైదేండ్లు నిండిన పురుషులలో నూటికి సుమారు 19 మంది మద్యము పుచ్చుకొనువారు. షెడ్యూల్డు తెగలలో 33 మంది. నిందకు ఆధారము దొరికినదని సంతసించువారు మరియొక అంకెను గూడ చూడవలెను: తెలంగాణమున సకల కులముల పురుషులను కలిపి లెక్కించినను 43 మంది! తెగలవారిలోనో, మూడింట రెండు వంతులు మద్యము ముట్టనివారే. ఇక రక్తదోష మెక్కడిది?

దోషము చరిత్రలో నున్నది. ఎద్దుల బిడారులపై ఉప్పు, ధాన్యము దేశమంతట చేరవేసిన జాతి సుగాలీలది. రైళ్లు వచ్చి ఆ వర్తకమును మ్రింగివేసెను. 1886 నాటి మద్రాసు ఆబ్కారీ చట్టముతో ఇంటి కుండలో కాచిన సారా నేరమైనది. గుత్తదారు అమ్మిన సారా సర్కారు రాబడి యైనది. 1911లో నేరస్థ జాతుల చట్టము మద్రాసు రాజధానికి ప్రాకి, ఎరుకలవారి వంటివారిని పుట్టుకతోనే దోషులుగా నెంచెను. 1952లో ఆ చట్టము రద్దయినది. జాతిని చూచి దోషమెంచు చూపు మాత్రము రద్దు కాలేదు.

ఈ చూపు మన దేశమునకే పరిమితము కాదు. ఉత్తర ధ్రువ ప్రాంతపు ఇన్యుయిట్ జాతిని లోకము త్రాగుబోతులనియే తలచును. కాని కెనడాలోని నునావుట్ సీమలో పెక్కు ఇన్యుయిట్ గ్రామములు తామే వోటు వేసి మద్యమును బహిష్కరించుకొన్నవి. మన నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు 1992లో రేపిన ఉద్యమమునకు తలయొగ్గి ప్రభుత్వము 1993లో సారాను నిషేధించెను. 1995లో వచ్చిన సంపూర్ణ నిషేధము 1997లోనే సడలిపోయినది. మద్యపు రాబడి లేనిదే నిలువలేకపోయినది తాండా కాదు, ఖజానా!

తాండాకు బెల్లపు బస్తాలు అమ్మి లాభము తీసినవాడెవడు? వోట్లనాడు సీసాలు పంచినవాడెవడు? కూలితోపాటు మందు పోయించిన ఆసామి యెవడు? వీరిలో సుగాలీలెందరు? తాండాకు ఏడాది పొడుగునా పని, పిల్లలకు బడి, వ్యసనమునకు వైద్యము కల్పింపుడు. అది చేయక నింద మోపువారు మొదట తమ యింటి సీసాను లెక్కపెట్టుకొనవలెను.