సైకిల్ వెంట కుక్క పడితే స్పీడ్ పెంచుతున్నారా..? అసలు ప్రమాదం అక్కడే!

తెల్లవారుజామున 5 గంటలు. రోడ్డంతా ఖాళీ. చల్లగాలికి హాయిగా సైకిల్ తొక్కుకుంటూ వెళ్తున్నారు. ఇంతలో ఆగి ఉన్న ఆటో కింద నుంచి ఓ కుక్క లేచింది. ఒక్కసారి 'భౌ' అంది. అంతే.. పక్క సందులోంచి ఇంకో మూడు! గుండె ఝల్లుమంటుంది. ఏం చేయాలో ఆలోచించేలోపే కాళ్లు గట్టిగా తొక్కడం మొదలుపెడతాయి. మీరు ఎంత తొక్కితే అవి అంత పరుగెత్తుకొస్తాయి.

మన ఊళ్లలో సైకిల్ తొక్కేవాళ్లలో ఈ అనుభవం లేనివాళ్లు చాలా తక్కువ. ఇది హెల్మెట్, గ్లౌజులు పెట్టుకుని ఫిట్‌నెస్ కోసం బయల్దేరే వాళ్ల సమస్య మాత్రమే అనుకుంటే పొరపాటు. పేపర్ వేసే కుర్రాళ్లు, పాల ప్యాకెట్లు వేసేవాళ్లు, నైట్ డ్యూటీ దిగి ఇంటికెళ్లే వాచ్‌మన్లు, పొద్దున్నే ట్యూషన్‌కు వెళ్లే పిల్లలు.. వీళ్లందరికీ రోజూ ఇదే గోల. ఫిట్‌నెస్ కోసం వెళ్లేవాళ్లు రూటు మార్చుకోవచ్చు. వీళ్లకు ఆ వీలు కూడా ఉండదు. మరి కుక్క ఎందుకు వెంటపడుతుంది? ఆ క్షణంలో ఏం చేయాలి? ఏం చేయకూడదు? చూద్దాం.

కుక్క కంటికి మీరు ఎలా కనిపిస్తారు?

కుక్క పూర్వీకులు వేటాడి బతికిన జంతువులు. వేల ఏళ్లుగా మనుషుల మధ్య బతుకుతున్నా, వేగంగా పారిపోయేదాన్ని చూస్తే తరమాలన్న స్వభావం దానిలో ఇంకా పోలేదు. కుక్క కళ్లు రంగులను మనంత బాగా గుర్తించలేవు. నీలం, పసుపు ఛాయలు మాత్రమే దానికి తేడాగా తెలుస్తాయి. కానీ కదలికను మాత్రం ఇట్టే పట్టేస్తాయి. అదీ మసక వెలుతురులో మన కంటే బాగా. నడిచే మనిషిని పట్టించుకోని కుక్క సైకిల్‌ను చూడగానే ఎందుకు లేస్తుందంటే కారణం ఇదే. తిరిగే చక్రాలు, పైకీ కిందకీ ఆడే కాళ్లు, పక్క నుంచి సర్రున దూసుకుపోయే ఆకారం. దాని దృష్టిలో మీరు మనిషి కాదు, పారిపోతున్న ఏదో ఒకటి.

రెండో కారణం.. ఏరియా. వీధి కుక్కల గుంపుకు ఒక హద్దు ఉంటుంది. ఆ చెత్తకుండీ నుంచి ఈ టీ కొట్టు దాకా మాది అన్నట్టు ఉంటాయి. హద్దులోకి వచ్చినదాన్ని బయటకు తరిమితే వాటి పని అయిపోయినట్టే. చాలాసార్లు ఒక కరెంటు స్తంభం దాటగానే కుక్క టక్కున ఆగి, మొరుగుతూ వెనక్కి వెళ్లిపోతుంది. గమనించే ఉంటారు. ఇందులో ఒక చిక్కు ఉంది. మీరు ఎలాగూ ముందుకు వెళ్లిపోతారు కదా.. 'నేను తరిమాను కాబట్టే పోయాడు' అని కుక్క నేర్చుకుంటుంది. రేపు ఇంకాస్త హుషారుగా వస్తుంది.

టైర్లకు అంటిన వేరే కుక్కల వాసన వల్లే ఇవి వెంటపడతాయన్న మాట సోషల్ మీడియాలో తెగ తిరుగుతోంది. కుక్కలు మూత్రంతో హద్దులు పెట్టుకోవడం, ఆగి ఉన్న బండి టైరును వాసన చూడటం నిజమే. కానీ యాభై అడుగుల దూరం నుంచి లేచి ఉరికే కుక్క ముందుగా చూసేది టైరు వాసన కాదు, కదలిక. ఆ ఒక్క ముక్క గుర్తుంటే తర్వాత చెప్పే జాగ్రత్తలన్నీ సులువుగా అర్థమవుతాయి.

చిత్త కార్తె తర్వాత జాగ్రత్త!

చిత్త కార్తెలో కుక్కల సంగతి మన పల్లెల్లో ఎవరినడిగినా చెబుతారు. అక్టోబరులో వచ్చే ఈ కార్తె అటూ ఇటూ కుక్కలు జతకట్టే కాలం. అప్పుడు మగ కుక్కలు గుంపులు కట్టి తిరుగుతాయి, వాటిలో అవే కొట్లాడుకుంటాయి. ఆ గుంపు మధ్యలోకి సైకిల్ పోనిస్తే చిరాకుగా మీద పడొచ్చు. కుక్క గర్భం సుమారు 63 రోజులు. అంటే డిసెంబరు, జనవరి వచ్చేసరికి కాలువ తూముల్లో, ఇసుక కుప్పల పక్కన పిల్లలు కనిపిస్తాయి. ఆ రోజుల్లో తల్లి కుక్క మహా ప్రమాదం. అది ఆట కోసమో అలవాటుగానో తరమదు. పిల్లల కోసం నిజంగానే కరుస్తుంది. పిల్లలున్న చోటు తెలిస్తే ఓ నెలా రెండు నెలలు ఆ పక్కకు వెళ్లకపోవడమే మంచిది. తప్పనిసరైతే రోడ్డుకు రెండో వైపు నుంచి దిగి నడవండి.

కాటు కన్నా ముందు.. పడిపోవడం

'మొరిగే కుక్క కరవదు' అని మన పెద్దలు అంటారు కానీ, సైకిల్ మీదున్నవాడికి ఆ సామెత పనికిరాదు. ఎందుకంటే కుక్క కరవకపోయినా మీరు పడొచ్చు. కంగారులో వెనక్కి తిరిగి చూస్తారు, హ్యాండిల్ అటు తిరుగుతుంది. గుంతో, ఇసుకో, స్పీడ్ బ్రేకరో చూసుకోరు. లేదంటే సర్రున రోడ్డు మధ్యలోకి కొట్టేస్తారు, వెనక నుంచి వచ్చే లారీ వాడికి మీ వెనకున్న కుక్క కనపడదు. మీరు మాత్రమే కనపడతారు, అదీ ఆఖరి నిమిషంలో.

2023 అక్టోబరులో అహ్మదాబాద్‌లో జరిగిన ఘటన దేశమంతా చర్చ అయింది. వాఘ్ బక్రీ టీ సంస్థ ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్ పరాగ్ దేశాయ్ ఇంటి దగ్గరే పడిపోయి తలకు దెబ్బ తగిలి, కొన్ని రోజుల తర్వాత చనిపోయారు. వీధి కుక్కలు వెంటపడటంతోనే పడిపోయారని అప్పట్లో వార్తలొచ్చాయి. ఒంటి మీద కుక్క కాటు గుర్తులు లేవని ఆసుపత్రి తెలిపింది. ఆయన సైకిల్ మీద కూడా లేరు, కాలినడకనే ఉన్నారు. ఇక సైకిల్ మీద, అదీ స్పీడులో ఉంటే సంగతి ఏంటో ఊహించుకోండి. ప్రపంచంలోనే మేటి సైక్లిస్టులు పాల్గొనే టూర్ డి ఫ్రాన్స్‌లో కూడా 2007లో ఓ పెంపుడు లాబ్రడార్ నింపాదిగా రోడ్డు దాటుతూ మార్కస్ బుర్గార్ట్ అనే రైడర్‌కు అడ్డొచ్చింది. ముందు చక్రం వంగిపోయి ఆయన ఎగిరి కింద పడ్డారు. కుక్క తరమలేదు, మొరగలేదు, కరవలేదు. చక్రానికి అడ్డు రావడమే సరిపోయింది.

మరి ఆ క్షణంలో ఏం చేయాలి?

స్పీడ్ పెంచితే తప్పించుకోవచ్చని చాలామంది నమ్మకం. లెక్క చూడండి. మామూలు సైకిల్ మీద మనం తొక్కేది గంటకు 15 కిలోమీటర్ల వేగం. బాగా తొక్కితే 20, 25. మామూలు వీధి కుక్క కూడా కొద్ది దూరం గంటకు 30 కిలోమీటర్ల వేగంతో ఉరకగలదు. పరుగు పందెంలో గెలిచేది అదే. కుక్క బాగా వెనకబడి ఉండి, ముందు రోడ్డు నున్నగా, వాలుగా, ఖాళీగా ఉంటే అలవాటున్న రైడర్లు హద్దు దాటి బయటపడతారు, కాదనం. కానీ మన కాలనీ రోడ్డు మీద ఆ మూడూ ఒకేసారి దొరకడం కష్టమే.

కాబట్టి చేయాల్సింది పూర్తిగా రివర్స్. తొక్కడం ఆపండి. పెడల్ మీద కాళ్లు కదలకపోతే కుక్కకు తరమాలన్న ఊపు సగం పోతుంది. చూపు రోడ్డు మీదే ఉంచి, రెండు చేతులతో హ్యాండిల్ పట్టుకుని నెమ్మదిగా బ్రేక్ వేయండి. ముందు బ్రేక్ ఒక్కటే గట్టిగా నొక్కితే బోర్లా పడతారు, జాగ్రత్త. అప్పటికీ కుక్క వదలకపోతే దిగిపోండి. దిగేటప్పుడు కుక్క ఉన్నవైపు కాదు, రెండోవైపు దిగాలి. ఇప్పుడు మీకూ దానికీ మధ్య సైకిల్ ఉంది. అదే మీ డాలు. అది ఎటు వస్తే అటు సైకిల్ తిప్పుతూ, వీపు చూపించకుండా మెల్లగా నడవండి. గొంతు పెంచి 'ఏయ్.. పో!' అని ఒక్క గద్దింపు చాలు. కీచుగా అరిస్తే మాత్రం దానికి ఇంకా ఊపొస్తుంది.

సైకిల్ దిగిన మనిషిని చూసి చాలా కుక్కలు తికమకపడి ఆగిపోతాయి. అప్పటిదాకా పరుగెత్తుతున్న వింత ఆకారం కాస్తా రోజూ చూసే మామూలు మనిషైపోతుంది మరి!

మన వీధి కుక్కల దగ్గర ఇంకో మంత్రం పనిచేస్తుంది. దిగాక, కింద నుంచి రాయి తీస్తున్నట్టు వంగడం. 'కుక్క ఉంటే రాయి ఉండదు, రాయి ఉంటే కుక్క ఉండదు' అన్న సామెత మనకు తెలుసు కానీ, రాయి లేదన్న సంగతి కుక్కకు తెలియదు. వంగగానే నాలుగడుగులు వెనక్కి వేస్తుంది. నిజంగా విసరక్కర్లేదు. విసిరితే గుంపు రెచ్చిపోతుంది. మీద పడేంత దగ్గరికి వచ్చేసిన కుక్క ముందు, పిల్లలున్న తల్లి ముందు మాత్రం వంగొద్దు. ముఖం దానికి అందేలా పెట్టినట్టవుతుంది.

కాలితో తన్నబోవడం అన్నిటికన్నా పెద్ద తప్పు. తన్నడానికి చాపిన కాలే దాని నోటికి ముందు దొరుకుతుంది, బ్యాలెన్సూ పోతుంది. బాటిల్‌తో ముఖం మీద నీళ్లు చిమ్మితే కుక్క వెనక్కి తగ్గుతుంది, నిజమే. అయితే ఆగి ఉన్నప్పుడు చేయండి, ఒంటి చేత్తో హ్యాండిల్ పట్టుకుని కాదు. ఆన్‌లైన్‌లో అమ్మే అల్ట్రాసోనిక్ పరికరాల మీద నమ్మకం పెట్టుకోవద్దు. తరమడంలో మునిగిపోయిన కుక్క దాన్ని లెక్కచేస్తుందన్న గ్యారంటీ లేదు. ఒకవేళ కింద పడిపోయి కుక్కలు చుట్టుముడితే, మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని, రెండు చేతులతో మెడ, చెవులు, ముఖం కప్పుకోండి.

ఒకప్పుడైతే దీనికోసం ఏకంగా తుపాకీయే తయారు చేశారు! 1890లలో ఫ్రాన్స్‌లో సైకిళ్ల మోజు మొదలైనప్పుడు చార్లెస్ ఫ్రాంకోయిస్ గాలాండ్ అనే ఆయుధాల తయారీదారు జేబులో పట్టే చిన్న రివాల్వర్ తెచ్చారు. పేరు 'వెలో-డాగ్'. వెలో అంటే సైకిల్. కుక్క చావకుండా బెదిరి పారిపోయేలా అందులో మిరియాల్లాంటి ఘాటు పొడి నింపిన తూటాలు కూడా అమ్మేవారట. సమస్య మన వీధిలో మొదలైంది కాదన్నమాట.

రోజూ అదే వీధికి వెళ్లాల్సి వస్తే..

పేపర్ వేసే కుర్రాళ్లను కుక్కలు అంతగా పట్టించుకోకపోవడం గమనించారా? కొత్తలో వాళ్లనూ తరిమినవే. రోజూ అదే టైముకు అదే మనిషి నెమ్మదిగా రావడంతో కుక్కలు గుర్తుపట్టేస్తాయి. మీరూ అలా చేయొచ్చు. నాలుగైదు రోజులు ఆ వంద గజాలు దిగి నడవండి. పలకరిస్తున్నట్టు మాట్లాడండి, వాసన పట్టనివ్వండి. బిస్కెట్ వేయాలా వద్దా అంటే.. సైకిల్ మీద నుంచి మాత్రం వేయొద్దు. సైకిల్ కనిపిస్తే చాలు తిండి కోసం వెంటపడటం నేర్చుకుంటాయి.

పిల్లలకు ఇది ఇంట్లోనే నేర్పాలి. వాళ్లు భయంతో సైకిల్ వదిలేసి పరుగెడతారు, అదే అసలు ముప్పు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబును కుక్కలు పొట్టన పెట్టుకున్న దారుణం ఇంకా ఎవరూ మర్చిపోలేదు. చీకటిపడ్డాకా, తెల్లవారకముందూ చిన్నపిల్లల్ని ఒంటరిగా సైకిల్ మీద పంపకండి.

పన్ను దిగితే.. గీరుకున్నా సరే

రేబిస్ లక్షణాలు ఒక్కసారి బయటపడ్డాయంటే దాదాపు బతికే అవకాశం లేదు. అయితే వైరస్ గాయం నుంచి నరాల ద్వారా మెదడుకు చేరడానికి టైం పడుతుంది. చాలామందిలో నెల నుంచి మూడు నెలలు. మెడ, ముఖం మీద కాటైతే ఇంకా తొందరగా. ఆ వ్యవధిలోనే వ్యాక్సిన్ మనల్ని కాపాడుతుంది.

ముందుగా కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. వాచీ చూసుకుని మరీ 15 నిమిషాలు. పసుపు, కారం, సున్నం, కాఫీ పొడి, పసరు మందు.. ఏదీ పెట్టొద్దు. కట్టు కట్టొద్దు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు అన్న భయం ఇంకా చాలామందికి ఉంది. ఆ పద్ధతి ఎప్పుడో పోయింది. ఇప్పుడు భుజానికే ఇస్తారు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో మొదటి రోజు, తర్వాత 3, 7, 28వ రోజుల్లో వేస్తారు. చర్మం చీలి రక్తం వస్తే గాయం చుట్టూ ఇమ్యూనోగ్లోబులిన్ కూడా వేయాలి. ఇది అడిగి మరీ వేయించుకోండి. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం, నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి దీనికి పేరున్నవి.

ప్యాంటు చిరిగిందంతే, కాలికి ఏమీ కాలేదు అని వదిలేయకుండా ఇంటికెళ్లి వెలుతురులో పిక్కలు చూసుకోండి. సన్నటి గీరు కూడా లెక్కలోకే వస్తుంది. 'పది రోజులు కుక్కను చూసి అప్పుడు వేయించుకుందాం' అనుకోవద్దు. వ్యాక్సిన్ మొదలుపెట్టాకే కుక్కను గమనించాలి.

ఫిర్యాదు ఎవరికి?

పెంపుడు కుక్క గేటు దాటి వచ్చి కరిస్తే బాధ్యత యజమానిదే. జంతువును నిర్లక్ష్యంగా వదిలేస్తే భారతీయ న్యాయ సంహిత 291 సెక్షన్ కింద 6 నెలల దాకా జైలు, లేదా 5 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. వీధి కుక్కలైతే మున్సిపాలిటీకి చెప్పాలి. విషం పెట్టడం, కొట్టి చంపడం నేరం. 325 సెక్షన్ కింద 5 ఏళ్ల దాకా శిక్ష ఉంది.

2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల ప్రకారం పట్టుకున్న కుక్కలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసి, వ్యాక్సిన్ వేసి, ఎక్కడ పట్టుకున్నారో అక్కడే వదలాలి. రేబిస్ ఉన్నవాటిని, ఉందని అనుమానం ఉన్నవాటిని, మీద పడి కరిచే స్వభావం ఉన్నవాటిని మాత్రం వదలకూడదు. అదే ఏడాది నవంబరు 7న స్కూళ్లు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల లాంటి చోట్ల నుంచి కుక్కలను తీసేసి మళ్లీ అక్కడ వదలొద్దని కూడా చెప్పింది. అందుకే ఫిర్యాదు చేసేటప్పుడు 'మా వీధిలో కుక్కలెక్కువ' అంటే సరిపోదు. ఏ కుక్క, ఏ రంగు, ఏ మలుపు దగ్గర, ఏ టైంలో, ఎవరిని కరిచింది.. వీలైతే ఫొటోతో సహా ఇవ్వండి. ఆ ఫొటోలో కుక్క చెవి చివర చిన్న గాటు ఉందో లేదో కూడా చూడండి. గాటు ఉంటే దానికి ఆపరేషన్ అయిపోయినట్టు, లేకపోతే మున్సిపాలిటీ బండి ఇంకా ఆ వీధికి రావాల్సి ఉన్నట్టు.